గ్రీన్ టిక్‌ను నమ్మేముందు: గిట్‌హబ్‌లోంచే డిప్లాయ్‌మెంట్ల మీద కన్నేసి ఉంచడం ఎలా

ఒకసారి ఒక బగ్ ఫిక్స్ చేసి మెర్జ్ కొట్టాను. వర్క్‌ఫ్లో నాలుగు నిమిషాల్లో గ్రీన్ టిక్‌తో ముగిసింది. "ఫిక్స్ లైవ్‌లో ఉంది, ఒకసారి చూడండి" అని సపోర్ట్ వాళ్లకు మెసేజ్ పెట్టాను. పది నిమిషాలకు జవాబు వచ్చింది: "అదే ఎర్రర్ వస్తోందండీ." బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేయమన్నాను. చేశారు. అదే ఎర్రర్. గంటన్నర సేపు కోడ్‌లో వెతికి వెతికి, చివరికి లాగ్‌ను పైనుంచి కింద దాకా చదివితే ఒక లైన్ దగ్గర కన్ను ఆగింది. కుబర్నెటీస్‌కు (కంటైనర్లను సర్వర్ల మీద నడిపే వ్యవస్థ) ఆదేశాలిచ్చే కుబ్‌సీటీఎల్ అప్లై అనే కమాండ్ ఇచ్చిన జవాబు చివర్లో "అన్‌చేంజ్డ్" అని ఉంది.

మేం ఇమేజ్‌కు (నడపడానికి సిద్ధంగా కట్టిన యాప్ ప్యాకేజీకి) ప్రతిసారీ "ప్రొడక్షన్" అనే ఒకే ట్యాగ్ పెట్టేవాళ్లం. మ్యానిఫెస్ట్‌లో, అంటే ఏం నడపాలో చెప్పే ఫైల్‌లో, అక్షరం కూడా మారలేదు కాబట్టి కుబర్నెటీస్‌కు చేయాల్సిన పనేమీ కనబడలేదు. పాడ్లను (యాప్ నడిచే కంటైనర్లను) రీస్టార్ట్ చేసే లైన్ ఒకటి ఉండేది. అంతకుముందు వారం వర్క్‌ఫ్లోను శుభ్రం చేస్తూ, "ఇదెందుకు" అని దాన్ని తీసేసింది నేనే. కమాండ్ మాత్రం ఏ తప్పూ లేకుండా ముగిసింది. టిక్ పచ్చగా వెలిగింది.

స్క్రిప్ట్ చివరిదాకా నడిచింది అన్నంతవరకే ఆ టిక్‌కు తెలుసు. కొత్త కోడ్ నిజంగా నడుస్తోందని దానిచేత చెప్పించాలంటే ఆ ఏర్పాటు మనమే చేసుకోవాలి. అది చేశాక రిపోలోని డిప్లాయ్‌మెంట్స్ పేజీ తెరవగానే మూడు సంగతులు తెలియాలి: ఏ ఎన్విరాన్‌మెంట్‌లో ఏ కమిట్ ఉంది, ఎప్పట్నుంచి ఉంది, అది బాగుందా లేదా. మీరు గిట్‌హబ్ యాక్షన్స్ వాడుతున్నారని, వర్క్‌ఫ్లో ఫైల్ రాయడం కొంత అలవాటేనని అనుకుని చెబుతున్నాను.

1. ఎన్విరాన్‌మెంట్లను మీ చేత్తో మీరే సృష్టించండి

రిపో సెట్టింగ్స్‌లో ఎన్విరాన్‌మెంట్స్ అనే విభాగం ఉంటుంది. అక్కడ స్టేజింగ్ (పరీక్షలకు), ప్రొడక్షన్ (జనం వాడేది) అని రెండు పెట్టండి. చిన్న పనే, కానీ దీన్ని వదిలేస్తే ఒక గొయ్యి ఎదురుచూస్తుంటుంది. వర్క్‌ఫ్లోలో రాసిన పేరుతో ఎన్విరాన్‌మెంట్ లేకపోతే గిట్‌హబ్ ఎర్రర్ ఇవ్వదు, ఆ పేరుతో కొత్తది సృష్టించేస్తుంది. ఎవరో తొందరలో "ప్రొడక్షన్" బదులు "ప్రొడ్" అని రాశారనుకోండి. మీరు పెట్టుకున్న అప్రూవల్, బ్రాంచ్ నియమాలు ఏవీ లేని ఖాళీ ఎన్విరాన్‌మెంట్ ఒకటి పుట్టి, దాని పేరు మీద అసలు సర్వర్‌కే డిప్లాయ్ జరిగిపోతుంది.

దీనికి విరుగుడు ఒకటే: సర్వర్ పాస్‌వర్డ్‌లు, టోకెన్‌లు రిపో స్థాయి సీక్రెట్స్‌లో పెట్టకుండా ఆ ఎన్విరాన్‌మెంట్ సీక్రెట్స్‌లోనే పెట్టండి. అప్పుడు పేరు తప్పు రాస్తే తాళం చెవి దొరక్క జాబ్ అక్కడే ఫెయిల్ అవుతుంది. మనకు కావాల్సిందీ అదే.

2. జాబ్‌ను ఎన్విరాన్‌మెంట్‌కు కట్టండి

డిప్లాయ్ చేసే జాబ్‌లో ఎన్విరాన్‌మెంట్ అనే కీ కింద నేమ్, యూఆర్‌ఎల్ అని రెండు రాయాలి. ఇంతే. జాబ్ మొదలవగానే గిట్‌హబ్ తనంతట తానే ఒక డిప్లాయ్‌మెంట్ రికార్డు తెరుస్తుంది. క్యూలో ఉంది, నడుస్తోంది, సక్సెస్, ఫెయిల్యూర్ అంటూ దాని స్థితి మారుతూ ఉంటుంది. పుల్ రిక్వెస్ట్ పేజీలోనూ ఇది కనబడుతుంది, యూఆర్‌ఎల్ ఇచ్చారు కాబట్టి అక్కణ్నుంచే నేరుగా సైట్ తెరవవచ్చు.

ఇక్కడ ఒక విషయం దగ్గర కాస్త ఆగాలి. డిప్లాయ్‌మెంట్ రికార్డుకు పడే తుది స్థితి ఆ జాబ్ ఫలితమే. చాలామంది డిప్లాయ్‌ను ఒక జాబ్‌గా, స్మోక్ టెస్ట్‌ను (ముఖ్యమైనవి నడుస్తున్నాయో లేదో చూసే చిన్న పరీక్షను) దాని తర్వాత ఇంకో జాబ్‌గా రాస్తారు. చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది. కానీ మొదటి జాబ్ ముగియగానే డిప్లాయ్‌మెంట్ సక్సెస్ అయిపోతుంది. రెండో జాబ్‌లో టెస్టులన్నీ కుప్పకూలినా ఆ రికార్డులో సక్సెస్ అలాగే ఉంటుంది. పోనీ రెండో జాబ్‌కూ అదే ఎన్విరాన్‌మెంట్ పెడదామంటే ఒకే విడుదలకు రెండు రికార్డులు పడి చరిత్ర అంతా గందరగోళమవుతుంది. కాబట్టి చెకింగ్ అంతా డిప్లాయ్ స్టెప్ వెనకే, అదే జాబ్‌లో పెట్టండి. జాబ్ కొంచెం పొడుగవుతుంది, పర్లేదు.

3. టిక్ పడేముందు మూడు ప్రశ్నలు

ముందుగా ఇమేజ్ ట్యాగ్ సంగతి. ప్రతి బిల్డ్‌కూ కమిట్ షానే (ఎస్‌హెచ్‌ఏ, అంటే ఆ కమిట్ గుర్తింపు కోడ్‌నే) ట్యాగ్‌గా పెట్టండి. "లేటెస్ట్", "ప్రొడక్షన్" లాంటి ఒకే ట్యాగ్‌ను తిప్పి తిప్పి వాడితే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ట్యాగ్ "లేటెస్ట్" కాకపోతే, మీరు వేరే చెప్పకపోతే, కుబర్నెటీస్ నోడ్ (పాడ్లు నడిచే సర్వర్) మీద అప్పటికే ఆ ట్యాగ్ ఉన్న ఇమేజ్‌నే వాడుకుంటుంది, కొత్తది లాక్కోదు.

మొదటి ప్రశ్న: రోలౌట్, అంటే పాత పాడ్ల స్థానంలోకి కొత్తవి రావడం, పూర్తయిందా? అప్లై కమాండ్ ఆర్డర్ ఇచ్చేసి వెంటనే తిరిగొస్తుంది, పాడ్లు లేచాయో లేదో దానికి పట్టదు. అందుకని దాని వెనకే కుబ్‌సీటీఎల్ రోలౌట్ స్టేటస్ నడపండి, టైమ్‌అవుట్ 5 నిమిషాలు ఇవ్వండి. పాడ్లు లేవకపోతే ఆ కమాండ్ ఎర్రర్‌తో బయటికొస్తుంది, జాబ్ ఫెయిల్ అవుతుంది. జాబ్‌కు కూడా విడిగా టైమ్‌అవుట్ పెట్టండి. ఏమీ పెట్టకపోతే గిట్‌హబ్ డిఫాల్ట్ 360 నిమిషాలు, అంటే ఇరుక్కుపోయిన డిప్లాయ్ 6 గంటలు "నడుస్తోంది" అనే చూపిస్తుంది. అయితే జాబ్ టైమ్‌అవుట్‌తో ఆగితే గిట్‌హబ్ దాన్ని క్యాన్సిల్ చేసినట్టు లెక్కేస్తుంది. ఫెయిల్ అయితే నడవమని మీరు రాసుకున్న అలర్ట్ స్టెప్ అప్పుడు నడవదు. అందుకే కమాండ్ టైమ్‌అవుట్‌ను ముందు కాపలాగా, జాబ్ టైమ్‌అవుట్‌ను వెనక కాపలాగా పెట్టుకోవాలి.

రెండో ప్రశ్న: నడుస్తున్నది ఏ కమిట్? నా మటుకు ఈ మొత్తం ఏర్పాటులో ఎక్కువ విలువ ఉన్నది ఇదే, రాయడానికి అరగంట కూడా పట్టదు. బిల్డ్ సమయంలో కమిట్ షాను యాప్‌లోకి పంపించి, స్లాష్ వెర్షన్ లాంటి ఒక చిరునామాలో దాన్ని బయటపెట్టండి. డిప్లాయ్ అయ్యాక కర్ల్‌తో ఆ చిరునామాను అడిగి, వచ్చిన జవాబును వర్క్‌ఫ్లోలోని షాతో పోల్చండి. ఒక్కసారి అడిగితే చాలదు. ముందు రిక్వెస్టులను పాడ్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ ఉంటుంది, వెనక ఒక పాత పాడ్ ఇంకా బతికి ఉండొచ్చు. నేను 20 సార్లు అడుగుతాను, ఇరవైకి ఇరవై సరిపోవాలి. మధ్యలో సీడీఎన్ (జవాబుల కాపీలు దాచి ఇచ్చే సర్వర్లు) ఉంటే ఆ జవాబును క్యాష్ చేయొద్దని హెడర్ పెట్టండి, లేకపోతే పాత జవాబే వస్తూ ఉంటుంది. పుల్ రిక్వెస్ట్ ఈవెంట్‌తో నడిచే ప్రివ్యూ డిప్లాయ్‌లలో ఇంకో తిరకాసు: అక్కడ గిట్‌హబ్ ఇచ్చే షా మీ బ్రాంచ్ చివరి కమిట్‌ది కాదు, టెస్ట్ కోసం తయారుచేసిన మెర్జ్ కమిట్‌ది. బిల్డ్‌లోనూ పోలికలోనూ ఒకే షా వాడుతున్నారా లేదా చూసుకోండి.

ఇదంతా అతి జాగ్రత్త అనిపిస్తే నైట్ క్యాపిటల్ కథ గుర్తుచేసుకోవాలి. అమెరికాలో షేర్ల ట్రేడింగ్ చేసే ఆ సంస్థ 2012లో కొత్త కోడ్‌ను 8 సర్వర్లలో పెట్టాల్సి ఉండగా 7 సర్వర్లలోనే పెట్టింది. ఎనిమిదో దాంట్లో ఎప్పుడో వాడకం మానేసిన పాత కోడ్ మిగిలిపోయింది. ఆగస్టు 1న మార్కెట్ తెరిచాక ఆ పాత కోడ్ లేచి ఆర్డర్లు కురిపించింది. దాదాపు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. ప్రతి సర్వర్‌నూ "నీ దగ్గరున్నది ఏ వెర్షన్?" అని అడిగి ఉంటే ఎనిమిదోది పట్టుబడేది. మీవి విడివిడి సర్వర్లయితే లోడ్ బ్యాలెన్సర్‌ను కాకుండా ఒక్కోదాన్నీ విడిగానే అడగండి.

మూడో ప్రశ్న: జనం వాడే దారి తెరిచే ఉందా? ఒక టెస్ట్ ఖాతాతో లాగిన్, ముఖ్యమైన పేజీ ఒకటి, డేటాబేస్‌లో రాసే పని ఒకటి. ఇంతకుమించి వద్దు. స్మోక్ టెస్ట్ లావెక్కే కొద్దీ ఊరికే ఫెయిల్ అవుతుంటుంది, చివరికి ఎవరో విసుగొచ్చి దాన్ని తీసేస్తారు.

ఈ మూడు జవాబులనూ స్టెప్ సమ్మరీ ఫైల్‌లోకి మార్క్‌డౌన్‌లో రాయించండి. అప్పుడు లాగ్ తవ్వక్కర్లేకుండా రన్ పేజీలోనే "అడిగినది ఈ కమిట్, 20లో 20 సరిపోయాయి, లాగిన్ ఓకే" అని కనబడుతుంది. నేను ఆ రోజు గంటన్నర వెతికింది ఈ ఒక్క లైన్ కోసమే.

4. ఒకరి మీద ఒకరు పడకుండా

ఇద్దరు ఒకే సమయంలో మెర్జ్ చేస్తే రెండు డిప్లాయ్‌లు పోటీపడతాయి, ముందుదే చివర్లో ముగిసి పాత కోడ్ పైకి రావచ్చు. కన్‌కరెన్సీ అనే కీ కింద గ్రూప్‌కు ఎన్విరాన్‌మెంట్ పేరే పెట్టండి. ప్రొడక్షన్‌కు "నడుస్తున్నదాన్ని రద్దు చేయి" అనే ఆప్షన్ ఆన్ చేయవద్దు, సగంలో తెగిన డిప్లాయ్ కంటే ఆలస్యమైన డిప్లాయ్ నయం. మామూలుగా ఒకటి నడుస్తుండగా ఇంకోటి వచ్చి వేచి ఉంటుంది, మూడోది వస్తే ఆ వేచి ఉన్నది రద్దవుతుంది. చరిత్రలో క్యాన్సిల్ అని కనబడితే కంగారుపడకండి, అందులోని కమిట్లు మూడోదాంట్లో ఎలాగూ ఉంటాయి.

5. అప్రూవల్

ప్రొడక్షన్ ఎన్విరాన్‌మెంట్‌కు రివ్యూయర్లను పెట్టొచ్చు. గరిష్ఠంగా 6 మంది వ్యక్తులు లేదా టీమ్‌లు, వాళ్లలో ఒక్కరు ఒప్పుకుంటే చాలు. డిప్లాయ్ మొదలుపెట్టినవాళ్లే తమకు తాము ఓకే చెప్పుకోకుండా ఆపే చెక్‌బాక్స్ ఉంది, దాన్ని టిక్ చేయండి. 30 రోజుల్లో ఎవరూ ఓకే చెప్పకపోతే ఆ జాబ్ ఫెయిల్ అవుతుంది. పబ్లిక్ రిపోలకు ఇది ఏ ప్లాన్‌లోనైనా దొరుకుతుంది, ప్రైవేట్ రిపోలకు మాత్రం ఎంటర్‌ప్రైజ్ కావాలి. అప్రూవల్ లేకపోయినా డిప్లాయ్‌మెంట్ బ్రాంచ్‌లను మెయిన్‌కు పరిమితం చేయడం మరవద్దు.

6. డిప్లాయ్ బయట జరుగుతుంటే

జెన్కిన్స్, ఆర్గో సీడీ లాంటి బయటి టూల్స్ డిప్లాయ్ చేస్తుంటే గిట్‌హబ్‌కు ఆ సంగతి తెలియదు. డిప్లాయ్‌మెంట్స్ ఏపీఐ ద్వారా మీరే చెప్పాలి. ముందు డిప్లాయ్‌మెంట్ సృష్టించే కాల్, ఆ తర్వాత దశదశకూ స్టేటస్ పంపే కాల్. స్టేటస్‌తో పాటు లాగ్ చిరునామా, సైట్ చిరునామా కూడా పంపితే పేజీ నుంచి అక్కడికి ఒక క్లిక్ దూరం.

మొదటిసారి చేసేవాళ్లందరూ తట్టుకుని పడే రాళ్లు రెండున్నాయి. మొదటిది ఆటో మెర్జ్. డిఫాల్ట్‌గా ఇది ఆన్‌లో ఉంటుంది. మీరు చెప్పిన బ్రాంచ్ వెనకబడి ఉంటే గిట్‌హబ్ డిప్లాయ్‌మెంట్ సృష్టించకుండా మెయిన్‌ను దానిలోకి మెర్జ్ చేయడానికి పూనుకుంటుంది. రెండోది, ఆ కమిట్ మీద చెక్‌లు ఇంకా ముగియకపోతే 409 అనే ఎర్రర్ కోడ్‌తో తిప్పి పంపుతుంది. చెక్‌ల సంగతి మీ టూలే చూసుకుంటుంటే ఆటో మెర్జ్‌ను ఫాల్స్ చేసి, రిక్వైర్డ్ కాంటెక్స్ట్స్‌కు (తప్పక పాసవ్వాల్సిన చెక్‌ల జాబితాకు) ఖాళీ లిస్ట్ ఇవ్వండి.

ఇంకొకటి. డిప్లాయ్‌మెంట్ స్టేటస్ మారినప్పుడు నడిచే వర్క్‌ఫ్లో రాసి, అది ఎంతకూ నడవట్లేదని తలపట్టుకునేవాళ్లు ఎక్కువ. కారణం టోకెన్. యాక్షన్స్ లోపల డిఫాల్ట్‌గా దొరికే గిట్‌హబ్ టోకెన్‌తో జరిగిన మార్పులు కొత్త వర్క్‌ఫ్లోలను లేపవు, ఒకదాన్నొకటి అంతులేకుండా లేపుకోకుండా పెట్టిన అడ్డుకట్ట అది. బయటి టూల్ తన సొంత టోకెన్‌తో స్టేటస్ పంపితే నడుస్తుంది.

7. ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి

స్లాక్ వాడేవాళ్లు గిట్‌హబ్ యాప్‌ను జోడించి, సబ్‌స్క్రైబ్ కమాండ్‌లో రిపో పేరు, డిప్లాయ్‌మెంట్స్ అనే మాట ఇస్తే చాలు, స్థితి మారినప్పుడల్లా ఛానల్‌లో మెసేజ్ పడుతుంది. వారం తర్వాత ఆ ఛానల్‌ను అందరూ మ్యూట్ చేసి ఉంటారు, పందెం. సక్సెస్‌లు ఒక ఛానల్‌కు పోనివ్వండి, ఎవరూ చూడకపోయినా నష్టం లేదు. ఫెయిల్యూర్‌కు మాత్రం వేరే దారి కావాలి.

నైట్ క్యాపిటల్‌లో ఆ ఉదయం మార్కెట్ తెరవకముందే సిస్టమ్ 97 ఈమెయిల్స్ పంపింది, లోపం ఎక్కడుందో ఆ పేరు సహా. అవి అలర్ట్‌ల కోసమని పెట్టినవి కావు, కాబట్టి ఎవరూ వాటిని అలర్ట్‌లుగా చూడలేదు. సమాచారం లేక కాదు దెబ్బ తగిలింది.

నేను చేసేది ఇది: జాబ్ చివర్లో, ఏదైనా ఫెయిల్ అయితేనే నడిచే స్టెప్ ఒకటి పెట్టి, దానిచేత రిపోలో ఒక ఇష్యూ తెరిపిస్తాను. ఎన్విరాన్‌మెంట్ పేరు, కమిట్, రన్ లింక్ అందులో ఉంటాయి, ఆ వారం డ్యూటీలో ఉన్నవాళ్లకు అది అసైన్ అవుతుంది. అప్పటికే అలాంటి ఇష్యూ తెరిచి ఉంటే కొత్తది తెరవకుండా దానికే కామెంట్ పెడుతుంది. మెసేజ్ కిందికి జారిపోతుంది, ఇష్యూ ఎవరో ఒకరు మూసేదాకా అక్కడే కూర్చుంటుంది. ఇందుకు వర్క్‌ఫ్లో పర్మిషన్లలో ఇష్యూస్‌కు రైట్ ఇవ్వాలి.

8. డిప్లాయ్ అయ్యాక గంటకు ఏమైంది?

కొన్ని తప్పులు స్మోక్ టెస్ట్‌కు దొరకవు. మెమరీ మెల్లగా పెరుగుతుంది, ఎర్రర్లు నూటికి రెండు వస్తాయి. జాబ్‌లోనే చివర 10 నిమిషాలు ప్రొమీథియస్ అనే మానిటరింగ్ టూల్‌ను అడుగుతూ ఎర్రర్ రేటును డిప్లాయ్‌కు ముందున్నదానితో పోల్చవచ్చు. ఇంకా ఎక్కువసేపు కాపలా కాయడానికి రన్నర్‌ను (జాబ్ నడిచే మెషిన్‌ను) వాడటం దండగ, ఊరికే కూర్చున్నా నిమిషాలు ఖర్చవుతాయి. ఆ పని మీ మానిటరింగ్ సిస్టమ్‌కే వదిలి, అది అలర్ట్ లేపినప్పుడు అదే డిప్లాయ్‌మెంట్ రికార్డుకు ఏపీఐతో ఫెయిల్యూర్ స్టేటస్ పంపించండి. ముగిసిన డిప్లాయ్‌మెంట్‌కు కూడా స్టేటస్ చేర్చవచ్చు. అప్పుడు పేజీ నిజం చెబుతుంది.

రెండో కాపలా, షెడ్యూల్‌తో నడిచే చిన్న వర్క్‌ఫ్లో. ప్రొడక్షన్‌లో చివరిగా సక్సెస్ అయిన కమిట్‌ను గిట్‌హబ్‌ను అడుగుతుంది, స్లాష్ వెర్షన్‌ను సర్వర్‌ను అడుగుతుంది, రెండూ వేరైతే ఫెయిల్ అవుతుంది. రాత్రి ఎవరో చేత్తో పాత వెర్షన్‌కు తిప్పి చెప్పడం మరిచిపోతే ఇది పట్టిస్తుంది. 5 నిమిషాల కంటే తరచుగా నడపలేరు, రద్దీ వేళల్లో ఆలస్యంగానూ నడుస్తుంది. గంట కొట్టే సమయానికే అందరూ పెడతారు కాబట్టి మీరు 7వ నిమిషం, 37వ నిమిషం లాంటివి పెట్టుకోండి. పబ్లిక్ రిపోలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే గిట్‌హబ్ దాన్ని ఆపేస్తుందనీ గుర్తుంచుకోండి.

9. వెనక్కి తిప్పడం

పాత రన్ తెరిచి రీ-రన్ నొక్కడం సులువే, అది పాత కమిట్‌తోనే నడుస్తుంది. కానీ మొదటి రన్ అయిన 30 రోజుల లోపే అది కుదురుతుంది. చేత్తో నడిపే వర్క్‌ఫ్లో ఒకటి రాసి, కమిట్ షాను ఇన్‌పుట్‌గా తీసుకునేలా పెట్టుకోవడం మేలు. రోల్‌బ్యాక్ కూడా అదే జాబ్ గుండా, అదే మూడు ప్రశ్నల గుండా పోవాలి, రికార్డు పడాలి. డేటాబేస్ మైగ్రేషన్ (టేబుల్స్ రూపు మార్చడం) జరిగి ఉంటే కోడ్ వెనక్కి పోయినంత సులువుగా టేబుల్స్ పోవు, ఆ కథ వేరు.

గిట్‌ల్యాబ్ వాడేవాళ్లకు ఇదంతా దగ్గరగానే వర్తిస్తుంది. ఎన్విరాన్‌మెంట్ కీ అక్కడా ఉంది, కన్‌కరెన్సీ బదులు రిసోర్స్ గ్రూప్ అంటారు, ఎన్విరాన్‌మెంట్ పేజీలోనే రోల్‌బ్యాక్ బటన్ ఉంటుంది.

10. కావాలని చెడగొట్టి చూడండి

స్టేజింగ్‌లో స్లాష్ వెర్షన్‌కు తప్పు షా ఇచ్చే కోడ్ పెట్టి డిప్లాయ్ చేయండి. జాబ్ ఎర్రబడాలి, ఇష్యూ తెరుచుకోవాలి. ఆ తర్వాత సర్వర్‌లో చేత్తో పాత ఇమేజ్ పెట్టి, షెడ్యూల్ వర్క్‌ఫ్లో పట్టుకుంటుందో లేదో చూడండి.

మేం ఇది చేసినప్పుడు మొదటిది చక్కగా పనిచేసింది. రెండోది కూడా ఫెయిల్ అయితే అయింది కానీ టీమ్‌లో ఎవరికీ మెయిల్ రాలేదు. షెడ్యూల్ వర్క్‌ఫ్లో నోటిఫికేషన్ ఆ క్రాన్ లైన్‌ను (ఎప్పుడు నడవాలో చెప్పే లైన్‌ను) చివరిగా మార్చినవాళ్లకు పోతుందని అప్పటిదాకా మాకు తెలియదు. ఆ లైన్ మార్చినతను అప్పటికే వేరే టీమ్‌కు వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున అతని మెసేజ్ వచ్చింది: "అన్నా, రాత్రి నుంచి ఈ ఫెయిల్ మెయిల్స్ నాకెందుకొస్తున్నాయి?" ఆ రోజే ఆ వర్క్‌ఫ్లోకి కూడా ఇష్యూ తెరిచే స్టెప్ చేర్చాం.